తేటనీటిలో కనబడని జీవులు
(పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సూక్ష్మజీవశాస్త్ర విషయములు)

పి.గన్నవరము చేరిన ప్రయాణికుని కన్నులకు మొట్టమొదట కట్టునది అక్కడి అక్విడక్టు. క్రింద వైనతేయ గోదావరి పారుచుండును. దానిపైని వంతెనమీదుగా కాలువ నీరు ఆవలి ఒడ్డునకు నడచిపోవుచుండును. ధవళేశ్వరము ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన 19వ శతాబ్ది మధ్యకాలమున మొదటి అక్విడక్టు వెలసినది. దాని ప్రక్కనే నిర్మింపబడిన క్రొత్త అక్విడక్టు 2000 సంవత్సరమున ప్రారంభమై, లంకల గన్నవరమున నిరతాన్నదానముచే పేరొందిన డొక్కా సీతమ్మగారి పేరు దాల్చినది. ఆ నీరే కోనసీమ వరిచేలకును, కొబ్బరితోటలకును ప్రాణము. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు మంచినీటి చెరువులను నింపునదియు ఆ నీరే.

అట్టి నీటిని గురించి ఒక పంచాయతీ సమావేశమున ఒక పెద్దమనిషి మమ్ము అడిగిన ప్రశ్న యిది: "బావి నీరు అద్దమువలె తేటగా నున్నది. మా తాతలును ఈ నీరే త్రాగిరి. కంటికి కనబడని పురుగు పేరు చెప్పి బ్లీచింగు పొడికి పంచాయతీ డబ్బు ఎందులకు వ్రాయవలెను?"

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. పంచాయతీ ధనము ప్రజల ధనము. ఖర్చుకు కారణము అడుగుట సభ్యుని ధర్మము. ఆ కారణము కంటికి కనబడనిది కనుక, దానిని మనసునకు కనబడునట్లు చెప్పుట మా ధర్మము. ఆ ఉద్దేశముతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కనబడని లోకము

సూక్ష్మజీవులనగా వట్టి కన్నులకు గోచరింపనంత చిన్నవగు ప్రాణులు. వానిలో మిక్కిలి విస్తారముగా నున్నవి బాక్టీరియములు. సాధారణమైన ఒక బాక్టీరియము పొడవు ఒక మిల్లీమీటరులో వెయ్యవ వంతు, లేదా అందుకు రెండింతలు. మరొక విధముగా చెప్పుదుము. ఒక బియ్యపు గింజ పొడవున వీనిని ఒకదాని వెనుక ఒకటిగా నిలిపినచో సుమారు మూడు వేలు పట్టును.

వీనిని మొదట చూచినవాడు పండితుడు కాడు. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణములోని బట్టల వర్తకుడు. లీవెన్‌హుక్ అను ఆ వ్యక్తి తన చేతితో సానబట్టిన చిన్న అద్దములతో నీటిచుక్కలను పరిశీలించి, అందు కదలాడు జీవులను గూర్చి 1676లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. అటుపిమ్మట రెండు వందల ఏండ్లకుగాని ఈ జీవులకును మనుష్యుల రోగములకును గల సంబంధము నిశ్చయముగా తేలలేదు. జర్మనీ దేశపు రాబర్టు కాక్ 1882లో క్షయరోగ కారకమగు బాక్టీరియమును కనుగొనెను. ఆయనయే 1884లో కలకత్తాలో పరిశోధించి, కలరా రోగమునకు కారణము వంకర ఆకారముగల ఒక బాక్టీరియమనియు, అది నీటిద్వారా వ్యాపించుననియు చెప్పెను. మన దేశపు చెరువు నీరే ఆ పరిశోధనకు ఆధారమగుట గమనింపదగినది.

బాక్టీరియములు కొన్ని గుండ్రముగా, కొన్ని కడ్డీలవలె, కొన్ని మరచుట్లవలె నుండును. టైఫాయిడు కలిగించునది కడ్డీ ఆకారముది. వరదనీటిలో ఎలుకల మూత్రము కలిసినప్పుడు దానివెంట వచ్చి, కాలి పుండ్లగుండ శరీరమున ప్రవేశించు లెప్టోస్పైరా అనునది మరచుట్టు ఆకారముది. బురదనీటిలో నడచువారు కాళ్లకు రక్షణ కల్పించుకొనవలెనని వైద్యులు చెప్పుట ఇందుకే.

మిత్రులును కలరు

ఇవి అన్నియు శత్రువులే యని భావింపరాదు. పాలను పెరుగుగా మార్చునవి బాక్టీరియములే. మన గృహిణులు పాలలో వేయు తోడు నిజమునకు సజీవమైన బాక్టీరియముల విత్తనము. వరికోత తరువాత చల్లు మినుము, పెసర మొక్కల వేళ్లను పెరికి చూడుడు. వేళ్లమీద చిన్న బుడిపెలు కానవచ్చును. ఒక బుడిపెను గోటితో చీల్చినచో లోపల లేత ఎరుపు రంగు కనబడిన యెడల, అందు రైజోబియమను బాక్టీరియము చక్కగా పనిచేయుచున్నదని అర్థము. అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. యూరియా బస్తా చేయు పనిని కొంతవరకు ఉచితముగా చేయును. అందుచేతనే రైజోబియము పొడిని బెల్లపు నీళ్లతో విత్తనములకు పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లుమని వ్యవసాయశాఖవారు బోధింతురు. ఎండలో ఆరబెట్టినచో ఆ జీవులు చచ్చును.

కావున మన పని సూక్ష్మజీవులనన్నింటిని చంపుట కాదు. మలములోనిది నీటిలోనికి, నీటిలోనిది నోటిలోనికి చేరకుండ చూచుటయే మన పని.

ఒకే గది గల యిల్లు

శత్రువును జయింపవలెనన్న వాని కోట ఎట్టిదో తెలియవలెను. మనుష్యుని దేహమున కోటానుకోట్ల కణములున్నవి. బాక్టీరియమునకు ఉన్నది ఒకే కణము. ఆ కణమే దాని నోరు, దాని కడుపు, దాని యిల్లు, దాని సంతానము. దానిని ఒకే గది గల యింటితో పోల్చవచ్చును.

మొదటిది ప్రహరీగోడ. దీనిని కణకవచమందురు. చక్కెర జాతి పదార్థములును, మాంసకృత్తుల ముక్కలును వలవలె అల్లుకొనుటచే ఈ గోడ ఏర్పడును. ఈ గట్టి వలయే లేనిచో లోపలి ఒత్తిడికి కణము పగిలిపోవును. అలెగ్జాండరు ఫ్లెమింగు 1928లో కనుగొన్న పెన్సిలిన్ ఈ గోడను కట్టనీయదు. గోడలేని జీవి పగిలి చచ్చును. మన శరీర కణములకు ఇట్టి గోడ లేదు కనుక ఆ మందు మనలను బాధింపక శత్రువునే కొట్టుచున్నది. డెన్మార్కు దేశీయుడగు గ్రామ్ అను వైద్యుడు 1884లో ఒక రంగు పరీక్షను కనిపెట్టెను. దళసరి గోడగల బాక్టీరియములు అందు ఊదా రంగును నిలుపుకొనును. పలుచని గోడయు, దానిపై మరొక పొరయు గలవి గులాబి రంగులో కానవచ్చును. ఏ మందు వాడవలెనో నిర్ణయించుటకు వైద్యశాలలలో నేటికిని ఈ పరీక్షయే తొలిమెట్టు.

రెండవది గోడకు లోపలివైపున నుండు పలుచని పొర. దీనిని కణత్వచమందురు. ఇది యింటి ద్వారపాలకుడు. ఏది లోనికి రావలెనో, ఏది వెలుపలికి పోవలెనో నిర్ణయించునది యిదియే. జీవికి కావలసిన శక్తి తయారగునదియు ఈ పొరమీదనే. బావిలో వేసిన బ్లీచింగు పొడినుండి వెడలు క్లోరిను ఈ పొరను దెబ్బతీయును. లోపలి జీవరసాయనములను పాడుచేయును. ద్వారము విరిగిన యిల్లు నిలువదు. ఒక చెంచా పొడి కోట్లకొలది జీవులను నశింపజేయుటలోని రహస్యమిదియే.

మూడవది లోపలి సామగ్రి. జీవద్రవ్యమను చిక్కని ద్రవములో వంశలక్షణములను మోయు డి.ఎన్.ఎ. దారము చుట్టలుగా పడియుండును. మన కణములలో దీనికి కేంద్రకమను ప్రత్యేకమైన గది కలదు. బాక్టీరియములో అట్టి గది లేదు. ఆ ప్రక్కనే రైబోసోములను వేలకొలది చిన్న కర్మాగారములు మాంసకృత్తులను తయారుచేయుచుండును.

ఈ కర్మాగారముల ప్రసక్తి వచ్చినప్పుడు తెలుగువారు ఒక పేరు స్మరింపవలసి యున్నది. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, 1923లో అమెరికా చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిరి. ఆయన నేతృత్వమున పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలో నివసించు ఒక బాక్టీరియమునుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఈ మందులు రైబోసోముల పనిని ఆపివేయును. కర్మాగారము ఆగిన జీవి పెరుగజాలదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే కాలధర్మము చెందిరి.

చుక్కానులు, జిగురు, గింజలు

కొన్ని బాక్టీరియములకు తోకలవంటి కశాభములుండును. వానిని గిరగిర త్రిప్పుచు అవి నీటిలో ఈదును. కొన్నింటికి నూగువంటి సన్నని వెండ్రుకలుండును. వానితో ప్రేవుల గోడలను, గొట్టముల లోపలి భాగమును పట్టుకొనును. మరికొన్ని తమ చుట్టును జిగురు పొరను అల్లుకొని గుంపులు గుంపులుగా నివసించును. మంచినీటి ట్యాంకు గోడను చేతితో తాకినపుడు జారుడుగా తగులు పాచిలో ఇట్టి గుంపులు ఉండును. ఆ జిగురులో దాగినవానికి క్లోరిను సులభముగా అందదు. అందుచే ట్యాంకులో పొడి వేసినంతమాత్రమున పని ముగియదు. ఇల్లు అలకగానే పండుగ కాదు. నిర్ణీత కాలమున ట్యాంకును ఖాళీచేసి, గోడలు రుద్ది కడిగి, ఆ తేదీని ట్యాంకుమీద వ్రాయింపవలెను.

కొన్ని జాతులు గడ్డుకాలమున గట్టి తొడుగులో ముడుచుకొని గింజవలె నిద్రించును. ఈ గింజలను స్పోరులందురు. ధనుర్వాతము కలిగించు బాక్టీరియపు స్పోరులు మట్టిలో ఏండ్ల తరబడి బ్రతికియుండును. మరిగిన నీరును వానిని చంపజాలకపోవచ్చును. తోటలలో మేకు గ్రుచ్చుకొన్నను, కత్తి తెగినను వెంటనే ఆసుపత్రికి పోవలెననుటకు కారణమిదియే. ధనుర్వాతమునకు టీకాయే రక్ష.

ఒకటి కోటి యగుట

బాక్టీరియము వృద్ధిచెందు విధము మిక్కిలి సులువు. ఒకటి నిడువుగా పెరిగి, నడుమ గోడ కట్టుకొని, రెండుగా చీలును. వెచ్చదనము, తేమ, ఆహారము మూడును సమకూడినచో కొన్ని జాతులు ఇరువది నిమిషములకొకసారి చీలగలవు. రాత్రి 9 గంటలకు ఒక గిన్నెలోని అన్నములో ఒక్క బాక్టీరియము పడినదనుకొందము. పది గంటలకు అది 8; పదకొండు గంటలకు 64; ఒంటిగంటకు 4,096. తెల్లవారుజాము 5 గంటలకు లెక్క ప్రకారము ఒక కోటి 67 లక్షలు దాటును. చద్దియన్నము, పిల్లల మధ్యాహ్న భోజనము, విందు వంటకములు ఎంతసేపు నిలువయున్నవని అడుగుట ఛాందసము కాదు. లెక్క తెలిసినవాని జాగ్రత్త.

తేటదనము పరిశుద్ధి కాదు

ఇప్పుడు పెద్దమనిషి ప్రశ్నకు వత్తము. ఒక గ్లాసు నీటిలో వేలకొలది బాక్టీరియములున్నను నీరు తేటగానే కనబడును. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి నీటికి తగును. మన తాతలు ఈ నీరే త్రాగిరనుట నిజమే. కలరా వచ్చిన సంవత్సరములలో వారు పోగొట్టుకొన్న బిడ్డలను గూర్చియు మనము తలంపవలెను.

కోనసీమలో మరొక విశేషము కలదు. ఇక్కడ భూగర్భజలము చాలచోట్ల పైననే తగులును. అట్టి నేలలో మరుగుగుంట మురికి బావిలోనికి సులభముగా ఊరగలదు. మరుగుగుంటకును బావికిని కనీసము 15 మీటర్ల దూరముండవలెనను సామాన్య నియమము ఇక్కడ మరింత శ్రద్ధతో పాటింపదగినది. వరదలు వచ్చినప్పుడు ఈ దూరములన్నియు ఒక్కటి యగును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన గోదావరి వరదలను మరచినవారు లంకలలో లేరు. వైనతేయ పాయలో నీరు పెరిగి పడవయే దారియైనప్పుడు ఆసుపత్రియు దూరమగును, బ్లీచింగు పొడియు దూరమగును. కావున పొడి కొనుటకు తీర్మానము వరద వచ్చిన పిమ్మట కాదు, జూను నెల దాటకమునుపే జరుగవలెను.

నీటిని పరీక్షించుట

నీటిలోని రోగజీవులను ఒక్కొక్కదానినిగా వెదకుట కష్టము. శాస్త్రజ్ఞులు ఇందుకొక ఉపాయము పన్నిరి. ఈ-కొలై అను బాక్టీరియము మనుష్యుల, పశువుల ప్రేవులలో నివసించును. 1885లో ఎషెరిక్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. దానిలో చాల రకములు హాని చేయవు. కాని అది నీటిలో కనబడెనన్న, మలము ఆ నీటిలో కలసినదని సాక్ష్యము. మలము వచ్చిన దారినే కలరా, టైఫాయిడు, కామెరలు కూడ రాగలవు. అందుచే త్రాగునీరు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కొలై అయినను ఉండరాదని భారత ప్రమాణము శాసించుచున్నది. కుండలో ఒక మెతుకు పట్టి చూచినట్లు, ఈ ఒక్క జీవిని చూచి నీటి సంగతి తెలిసికొనవచ్చును.

గ్రామముననే చేయదగిన పరీక్షయు కలదు. హెచ్.టు.ఎస్. సీసాలో గీతవరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు దినములు ఉంచవలెను. నీరు నల్లబడినచో మలసంబంధమైన కాలుష్యము ఉన్నట్లు అనుమానింపవలెను. వెంటనే క్లోరిను వేయించి, నమూనాను ప్రయోగశాలకు పంపవలెను. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ యిచ్చుటకు ఏర్పాటు జరిగినది. మీ గ్రామమున ఆ శిక్షణ పొందినవారెవరో, పరీక్ష పెట్టె ఎచ్చట నున్నదో సభ్యులు విచారింపవలెను.

బ్లీచింగు పొడి వాడు విధము

ముందుగా నీటి కొలత కట్టవలెను. గుండ్రని బావి అడ్డుకొలత 2 మీటర్లు, నీటిలోతు 3 మీటర్లు అనుకొందము. అడ్డుకొలతను అడ్డుకొలతతో గుణించి, దానిని లోతుతో గుణించి, 3.14తో గుణించి, నాలుగుతో భాగింపవలెను. వచ్చునది 9.42 ఘనపు మీటర్లు. అనగా సుమారు 9,400 లీటర్లు. మంచి పొడి అయినచో వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల చొప్పున ఈ బావికి 24 గ్రాములు చాలును.

ఆ పొడిని బకెటులో కొంచెము నీటితో ముద్దగా కలిపి, నీరు ముప్పాతిక వంతు నింపి త్రిప్పవలెను. పది నిమిషములలో సున్నము అడుగున పేరుకొనును. పైతేటను వేరొక బకెటులోనికి వంచి, దానిని బావి నీటిలో ముంచి పైకి క్రిందికి ఆడింపవలెను. అడుగు సున్నమును బావిలో పోయరాదు. ఒక గంట గడచువరకు నీరు తోడరాదు. గంట తరువాత పరీక్షింపగా లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్నచో పని సరిగా జరిగినట్లు. రాత్రివేళ ఈ పని చేయించుట అనుకూలము.

మూడు విషయములు మరువరాదు. మొదటిది, బురదనీటిలో మట్టియు, కుళ్లిన ఆకులును క్లోరినును తామే త్రాగివేయును. పటికతోగాని, చిల్లగింజతోగాని నీటిని ముందు తేర్చి ఆపైన క్లోరిను వేయవలెను. రెండవది, పొడి గాలికి, వెలుతురుకు, తేమకు సత్తువ కోల్పోవును. మూత విప్పిన సంచిలో నిరుటినుండి పడియున్న పొడి సున్నముతో సమానము. మూడవది, వరదలో మునిగిన బావికి ఈ సామాన్యపు మోతాదు చాలదు. ఆరోగ్య సిబ్బంది సలహాతో నీరు తోడించి, ఎక్కువ మోతాదు వేయించి, పరీక్ష సరిపోయిన పిమ్మటనే వాడుకకు విడువవలెను. అంతవరకు త్రాగునీటిని తెర్లకాచి చల్లార్చి త్రాగుమని చాటింపు వేయింపవలెను.

విరేచనములు పట్టిన రోగిని చంపునది చాలవరకు దేహములోని నీరు తరిగిపోవుటయే. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుద్ధమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి కలిపి మాటిమాటికి త్రాగించుచు ఆసుపత్రికి చేర్పవలెను.

మందు మొద్దుబారుట

చివరగా ఒక హెచ్చరిక. బాక్టీరియములో పెద్ద దారము గాక ప్లాస్మిడులను చిన్న ఉంగరములు కొన్ని ఉండును. మందును తట్టుకొను విద్య ఈ ఉంగరములలో వ్రాయబడియుండవచ్చును. ఒక జీవి తన ఉంగరమునకు నకలు తీసి ప్రక్క జీవికి ఇచ్చివేయగలదు. అది వేరొక జాతిదైనను సరే. మనము యాంటీబయోటిక్ మాత్రలను వైద్యుడు చెప్పినన్ని దినములు వాడక నడుమ మానినను, జలుబువంటి వైరస్ రోగములకు అనవసరముగా మ్రింగినను, బలహీనమైన జీవులు చచ్చి, విద్య నేర్చినవి మిగులును. రొయ్యల చెరువులలో, కోళ్లఫారములలో విచ్చలవిడిగా మందులు చల్లినను ఫలితమిదియే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాను మందులు రొయ్యల పెంపకమున నిషేధింపబడినవి. సుబ్బారావుగారి వంటివారు సాధించి యిచ్చిన ఆయుధములను మన అజాగ్రత్తచే మొద్దుబార్చుట తగదు. మందు అట్టమీద ఎర్రగీత యున్నచో వైద్యుని చీటి లేక కొనరాదు.

సభ్యుల కర్తవ్యము

త్రాగునీరు పంచాయతీల విషయమని 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలు పేర్కొనుచున్నది. ఇది అధికారము; అంతకు మించి బాధ్యత. వచ్చు సమావేశమున ప్రతి సభ్యుడును నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. మన ట్యాంకు కడిగిన తేదీ ఏది? చివరి నీటి పరీక్ష ఫలితమేమి? బ్లీచింగు పొడి ఎప్పటిది, ఎచ్చట నిలువయున్నది? ఏ బావులకు మరుగుగుంటలు దగ్గరగా నున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానములు పుస్తకములో వ్రాసియున్న గ్రామము వరదకు భయపడవలసిన పని తగ్గును.

ఆనాడు మమ్ము ప్రశ్నించిన పెద్దమనిషి ఈ వివరణ విన్న పిమ్మట ఒక్క మాట అడిగిరి: "మా వీధి బావికి ఎన్ని గ్రాములు పట్టును?" త్రాడును, కొలబద్దయు తెప్పించి అందరము కలసి బావి కొలిచితిమి. ఆకలిగొన్నవారికి వేళయనక అన్నము పెట్టిన తల్లి నడయాడిన సీమ యిది. దప్పికగొన్న బిడ్డకు నిర్భయముగా త్రాగదగిన నీరిచ్చుటయు ఆ ధర్మములోనిదే. మీ గ్రామములోని బావులనుకూడ ఒకమారు కొలిపింపుడు.